ఇంట్లో పిన్‌బాల్ మిషన్: టిల్ట్ గుండు సరిచేసుకునే పద్ధతి

మా ముందు గదిలో కుట్టుమిషన్ పక్కన ఒక పిన్‌బాల్ మిషన్ ఉంది. మా తమ్ముడు షికాగోలో ఇరవై రెండేళ్ళు ఉండి, ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు సామానుతో పాటు దాన్నీ కంటెయినర్‌లో వేయించాడు. తొంభైల్లో తయారైంది. వాడు హైదరాబాద్‌లో తీసుకున్న ఫ్లాట్‌లో దానికి చోటు లేదు. "అక్కా, నీ దగ్గరే ఉండనీ, పండక్కి వచ్చినప్పుడు ఆడుకుంటాం" అన్నాడు. నలుగురు మనుషులు పట్టి నరసాపురంలో మా ఇంట్లో దింపారు. నేను ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నదాన్ని. మిషన్ విప్పడమంటే నాకు భయం లేదు. బాబిన్ టెన్షన్ ఎంత బిగించాలో చేతికి తెలిసినట్టే, ఈ మిషన్‌లో టిల్ట్ ఎంత పెట్టాలో కూడా రెండేళ్ళలో చేతికి తెలిసింది. ఇలాంటి మిషన్ ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. అద్దం కింద వాలుగా ఒక పలక, దాని మీద 80 గ్రాముల ఉక్కు బంతి. కింద ఫ్లిప్పర్లనే రెండు రెక్కలు ఉంటాయి. పక్క బటన్లు నొక్కితే అవి లేచి బంతిని పైకి కొడతాయి. బంతి వాటి మధ్యలోంచి జారిపోతే పోయినట్టే. అది జారిపోబోతున్నప్పుడు ఆడేవాళ్ళు మిషన్ పక్కన అరచేత్తో చిన్నగా తట్టి బంతి దారి మళ్ళిస్తారు. ఆ తట్టడం మితి మీరిందా, మిషన్ 'టిల్ట్' అని చూపించి ఫ్లిప్పర్లు ఆపేస్తుంది. బంతి పోతుంది, దానితో పాటు రావాల్సిన బోనస్ కూడా పోతుంది.

తట్టడమంటే మోసం అనుకుంటారు చాలామంది. మా ఆయన కూడా అలాగే అనుకునేవారు. కానీ ఫ్లిప్పర్లు ఈ ఆటలోకి వచ్చింది 1947లో. అంతకు ముందు బంతిని వదిలాక మనిషి చేతిలో ఉన్నది ఆ తట్టడం ఒక్కటే. అది మరీ శ్రుతి మించి, మిషన్ ఎత్తి కుదిపేసేవాళ్ళు తయారైతే, హ్యారీ విలియమ్స్ అనే ఆయన 1930ల్లో టిల్ట్ కనిపెట్టారు. అంటే తట్టడం ఆటలో భాగమే, ఎత్తి కుదపడం కాదు. ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే మనం సరిచేసుకునేది.

నేను మొదట చేసిన తప్పు కూడా చెప్పాలి. మొన్న వానాకాలంలో మా మనవరాలు ఆడుతుంటే, తొమ్మిదేళ్ళ పిల్ల, బటన్ కాస్త గట్టిగా నొక్కినా 'డేంజర్' అని హెచ్చరిక వచ్చేది. రెండుసార్లు డేంజర్, మూడోసారి టిల్ట్. "నేనేం చెయ్యలేదు అమ్మమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు కోపం వచ్చి, ఆ కుదుపుని పట్టుకోవడానికి లోపల వేలాడే గుండుని కొక్కెం నుంచి తీసి డబ్బాలో పడేశాను. రెండు రోజులు బాగానే గడిచింది. ఆదివారం మా ఆడపడుచు కొడుకులు వచ్చారు, పెద్ద పిల్లలు. టిల్ట్ లేదని తెలియగానే ముందు కాళ్ళు నేల మీంచి లేపి బంతిని వెనక్కి దొర్లించడం మొదలుపెట్టారు. ఒకసారి కాలు టైల్ మీద జర్రున జారి, చిన్నవాడి పాదానికి జానెడు దూరంలో దిగింది. అది వంద కిలోలు దాటిన మిషన్. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. అందుకని మొదటి మాట ఇదే: గుండుని ఎప్పుడూ పూర్తిగా తీసేయకండి.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, గుండు ముట్టుకునే ముందు మట్టం చూశావా?" చూడలేదు. అసలు తప్పు అక్కడే ఉంది.

ఎందుకో చెప్తాను. గుడిలో గంట, దాని లోపల నాలుక ఉంటుంది కదా, టిల్ట్ కూడా అలాంటిదే. ఒక సన్నటి ఇనప కడ్డీ కొక్కేనికి వేలాడుతుంది, దానికొక గుండు. దాని చుట్టూ తగలకుండా ఒక లోహపు రింగు. మిషన్ కుదిపితే గుండు ఊగి రింగుకి తగులుతుంది. గుండు ఒక తీగ, రింగు ఒక తీగ, రెండూ కలిస్తే స్విచ్ పడినట్టు. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు. అయితే రింగు మిషన్ పెట్టెకి బిగించి ఉంటుంది, గుండు మాత్రం భూమి వైపు నిటారుగా వేలాడుతుంది. పెట్టె ఒక పక్కకి ఒరిగితే రింగు దానితో పాటు ఒరుగుతుంది, గుండు ఒరగదు. అప్పుడు గుండు రింగు మధ్యలో కాకుండా ఒక అంచుకి చేరుతుంది. ఆ పక్క చిటికెన వేలితో తట్టినా తగులుతుంది, ఇంకో పక్క గుద్దినా తగలదు. మా మనవరాలికి జరిగింది అదే. అలా ఒరిగిన మిషన్‌లో గుండు ఎంత జరిపినా లాభం లేదు.

మాది బంకమట్టి నేల. వానాకాలంలో ఉబ్బుతుంది, కాలువలు కట్టేసి ఎండలు ముదిరాక కుంగుతుంది. మా ఇంట్లో జూన్‌కీ నవంబరుకీ మధ్య మిషన్ కుడి వెనక కాలి బోల్టు దాదాపు ఒక చుట్టు తేడా వస్తోంది. మీ ఇల్లు కొత్తదైనా, ఈ లంకల వైపు, కాలవగట్ల పక్కన ఉన్నవాళ్ళు ఏడాదికి రెండుసార్లు మట్టం చూసుకోవాల్సిందే.

ఇక పని. ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. అమెరికా మిషన్ 115 వోల్టులది, మన కరెంటు 230. మాదానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాం, దాని ప్లగ్గు కూడా తీస్తాను. లోపల ఫ్లిప్పర్లని లేపే కాయిల్స్‌కి 50 వోల్టుల దాకా, కొన్నిటిలో 70 దాకా వెళ్తుంది, బయటి నుంచి వచ్చే కరెంటు లైను ఎలాగూ పెట్టెలోనే ఉంటుంది. పిల్లల్ని పక్క గదిలోకి పంపండి.

ముందున్న నాణేల తలుపు తాళం తీసి, లోపలి మీట లాగితే ముందరి స్టీలు పట్టీ పైకి వస్తుంది. పట్టీ తీసి అద్దాన్ని మీ వైపుకి జాగ్రత్తగా లాగండి. అది టెంపర్డ్ గాజు, మధ్యలో దెబ్బకి తట్టుకుంటుంది గానీ మూల గచ్చుకి తగిలిందంటే మొత్తం పొడి పొడి అయిపోతుంది. నేను మంచం మీద బొంత మడతేసి దాని మీద పడుకోబెడతాను. గోడకి ఆనించి నిలబెట్టకండి, ఫ్యాన్ గాలికి కూడా జారుతుంది.

మట్టం రెండు రకాలుగా చూడాలి, ఎడమ కుడి ఒకటి, ముందు వెనక ఒకటి. ఎడమ కుడికి పలక మీద అడ్డంగా రసమట్టం పెట్టండి, బుడగ సరిగ్గా మధ్యలో ఉండాలి. పలక కింది భాగంలో ఒకసారి, పై భాగంలో ఒకసారి చూడండి. రసమట్టం లేకపోతే గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి నీళ్ళ పైపు గురించి చెప్పాలా? మా వీధి మేస్త్రి గారు వచ్చి చూపించారు. "ఆయ్, బుడగ అబద్ధం చెప్పొచ్చేమో గానండి, నీళ్ళు చెప్పవండి" అంటూ సన్నటి తెల్ల పైపులో నీళ్ళు నింపి, రెండు కొసలూ పెట్టెకి రెండు పక్కలా పట్టుకున్నారు. రెండు వైపులా నీళ్ళు పెట్టె పై అంచుకి ఒకే దూరంలో నిలిస్తే మట్టం సరిగ్గా ఉన్నట్టు. పైపులో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, ఉంటే లెక్క తప్పుతుంది. మాది కుడి పక్క ఎనిమిది మిల్లీమీటర్లు దిగి ఉంది!

ముందు వెనక మాత్రం మట్టంగా ఉండకూడదు, వాలు ఉండాలి. చాలా మిషన్లకి ఆరున్నర డిగ్రీల వాలు బాగుంటుంది. కోణం కొలిచే యాప్ ఫోన్‌లో ఉంటే సరే. నేను మాత్రం నా అరవై సెంటీమీటర్ల స్కేలుతో చూస్తాను. స్కేలు పై కొస పలకకి ఆనించి, స్కేలు మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా కింది కొస పైకి లేపండి. ఇప్పుడు కింది కొసకీ పలకకీ మధ్య సందు టేపుతో కొలిస్తే 6.8 సెంటీమీటర్లు రావాలి. ఎక్కువ వస్తే వాలు ఎక్కువ, బంతి దడదడా దిగిపోతుంది. తక్కువైతే సాగదీస్తూ దొర్లుతుంది, ఆడేవాళ్ళు విసుగెత్తి మిషన్‌ని గుద్దుతారు. టిల్ట్ గొడవల్లో సగం ఇక్కడి నుంచే వస్తాయి.

తేడా ఉంటే కాళ్ళ చివర బోల్టులు తిప్పాలి. ముందు లాక్ నట్టు వదులు చేయండి. ఒకరు ఆ మూల కాస్త లేపి పట్టుకుంటే ఇంకొకరు పానాతో తిప్పాలి, ఒక్కరే చేయకండి. బోల్టు బయటికి వస్తే ఆ మూల లేస్తుంది. పావు చుట్టు తిప్పడం, దింపడం, కొలవడం, మళ్ళీ పావు చుట్టు. తొందరపడి నాలుగు చుట్లు తిప్పితే ఇంకో మూల గాల్లోకి లేస్తుంది. చివర్లో మిషన్ నాలుగు కాళ్ళ మీదా సమంగా ఆనిందో లేదో ఒక్కో మూలా నొక్కి చూసి, లాక్ నట్టులు బిగించండి. టైల్స్ నేల అయితే కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేయండి. నేను పాత హవాయి చెప్పులు నాలుగు ఒకే మందంగా కోసి వేశాను. కొలతలన్నీ ఆ రబ్బరు వేశాకే తీయాలి, ముందు తీస్తే మళ్ళీ మారిపోతాయి.

మా మిషన్‌కి ఇంతవరకు చేయగానే సగం జబ్బు పోయింది. గుండుని కొక్కేనికి మళ్ళీ తగిలిస్తే రింగు మధ్యలోకి దానంతట అదే వచ్చేసింది.

ఇప్పుడు అసలు గుండు దగ్గరికి. నాణేల తలుపు తెరిస్తే లోపల ఎడమ పక్క చెక్కకి బిగించి ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి, తల వంచి, కింది నుంచి పైకి చూడండి. రింగు గుండ్రటి కన్నంలో గుండు మొన కనబడుతుంది. చుట్టూ సందు అన్ని వైపులా సమంగా ఉందా? మట్టం సరిచేశాక కూడా ఒక పక్కకి ఉంటే, బ్రాకెట్ స్క్రూ వదులైందో, కొక్కెం వంగిందో చూడండి. కడ్డీ కొక్కెంలో పట్టేయకుండా ఉయ్యాలలా తేలిగ్గా ఊగాలి.

మా గుండు ముల్లంగి దుంపలా పైన లావు, కింద సన్నం. సన్నటి భాగం రింగులోకి దిగి ఉంటుంది. గుండు పక్కన ఒక చేతి స్క్రూ, అది వదులు చేస్తే గుండు కడ్డీ మీద పైకీ కిందికీ జరుగుతుంది. కిందికి జరిపితే లావు భాగం రింగులోకి వస్తుంది, సందు తగ్గుతుంది, కొంచెం కదిలినా తగులుతుంది. పైకి జరిపితే సన్నటి మొన మాత్రమే రింగులో ఉంటుంది, సందు పెరుగుతుంది, టిల్ట్ వదులవుతుంది. అన్ని మిషన్లలో గుండు ఆకారం ఒకేలా ఉండదు. కాబట్టి పైకా కిందికా అన్నది గుర్తుపెట్టుకోకండి, సందు గుర్తుపెట్టుకోండి. మీ గుండు ఎటు జరిపితే సందు పెరుగుతుందో కంటితో చూసి తేల్చుకోండి.

జరిపే ముందు గుర్తు పెట్టుకోవడం మరిచిపోవద్దు. నేను బట్ట మీద గీసే సుద్దతో గుండు పై అంచు దగ్గర కడ్డీ మీద చిన్న గీత గీస్తాను. తగిలే చోట మాత్రం సుద్ద అంటకూడదు. ఒకసారికి రెండు మిల్లీమీటర్లు మించి జరపకండి. వినడానికి చిన్నదే, కానీ ఆడేటప్పుడు బాగా తెలుస్తుంది. జరిపాక స్క్రూ బిగించండి, చేతి బిగువు చాలు. వదులుగా వదిలేస్తే నాలుగు ఆటలకి గుండు జారి కిందికి దిగిపోతుంది, మళ్ళీ కథ మొదటికొస్తుంది.

మనకి ఇంకో బెడద, ఉప్పుగాలి. నరసాపురం నుంచి సముద్రం ఎంత దూరమని? మా ఇంట్లో కత్తెర కూడా నెలకోసారి తుడవకపోతే తుప్పు రంగు తిరుగుతుంది. గుండు మీద, రింగు లోపలి అంచు మీద ఆ పొర కడితే రెండూ తగిలినా కరెంటు అందదు. అప్పుడు కొన్నిసార్లు టిల్ట్ అవుతుంది, కొన్నిసార్లు అవదు. పిల్లలు "వాడికి అవ్వలేదు, నాకే అయింది" అని పోట్లాడుకునేది ఇందుకే. మందపాటి కాగితం ముక్క స్పిరిట్‌లో తడిపి గుండునీ రింగునీ తుడవండి. మచ్చ గట్టిగా ఉంటేనే సన్నటి గరుకు కాగితం ఒక్కసారి తేలిగ్గా పట్టండి. నూనె మాత్రం వేయకండి. కుట్టుమిషన్ అలవాటుకి నా చెయ్యి కూడా నూనె డబ్బా మీదికే వెళ్ళింది, తమ్ముడు ఫోన్‌లోనే ఆపాడు. నూనె దుమ్ముని పట్టుకుని జిగురు కడుతుంది.

ఇక పరీక్ష. ప్లగ్గు పెట్టండి. నాణేల తలుపు లోపల మెనూ బటన్లు ఉంటాయి, అందులో స్విచ్‌లు పరీక్షించే పేజీ తీయండి. మా మిషన్‌కి తలుపు తెరవగానే కాయిల్స్‌కి కరెంటు ఆగుతుంది. మీదానికీ అలాగే ఉంటుందని అనుకుని లోపల చెయ్యి పెట్టకండి. చెక్క స్కేలుతో గుండుని మెల్లగా రింగుకి తాకించండి. తాకిన ప్రతిసారీ తెర మీద టిల్ట్ పేరు రావాలి. నాలుగు దిక్కులా తాకించి చూడండి. ఒక దిక్కున రాలేదంటే అక్కడ పొర ఇంకా ఉన్నట్టే.

తర్వాత అద్దం, పట్టీ పెట్టేసి ఆట మొదలుపెట్టండి. నేను మూడు చూస్తాను. బంతి లేకుండా రెండు బటన్లూ గట్టిగా పదిసార్లు నొక్కుతాను, ఒక్క డేంజర్ కూడా రాకూడదు. ఫ్లిప్పర్ల పక్కనుంచి కిందికి పోయే దారి అంచున బంతి తచ్చాడుతున్నప్పుడు పెట్టె మూల మీద అరచేతి మడమతో ఒక్క దెబ్బ, తలుపు తట్టినంత. బంతి కదలాలి, డేంజర్ రాకూడదు. ఈ రెండో దాని మీద ఎక్కువ సేపు ఉండండి, పదీ పదిహేను బంతులు ఆడి చూడండి, ఎందుకంటే ఆట రుచి అంతా ఇక్కడే ఉంది. చివరగా రెండు చేతులతో పట్టుకుని కాలు కాస్త జరిగేలా నెడతాను. అప్పుడు డేంజర్ వచ్చి తీరాలి. మూడింటిలో ఏది తప్పినా మళ్ళీ ప్లగ్గు తీసి రెండు మిల్లీమీటర్లు.

ఒక్క దెబ్బకి వరసగా రెండు డేంజర్‌లు వస్తే గుండు తప్పు అనుకోకండి. మొదటిసారి తగిలాక గుండు ఇంకా ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపుకే మళ్ళీ తగలొచ్చు, దాని మీద ఇంకోసారి తట్టారంటే ఇంకా సులువుగా తగులుతుంది. ఇది పిల్లలకి నేర్పాల్సిన సంగతి. డేంజర్ వచ్చాక గుండు కుదురుకునేదాకా చెయ్యి ఆపాలి. మా మనవరాలు డేంజర్ చూడగానే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి అప్పుడు తడుతుంది. ఎన్ని డేంజర్‌లకి టిల్ట్ అన్నది మెనూలో మార్చుకోవచ్చు. నేను దాన్ని ముట్టుకోను, గుండుతో సరిపోయేదాన్ని లెక్కతో కప్పిపెట్టడం నాకు నచ్చదు. చాలా పాత మిషన్లలో హెచ్చరికే ఉండదు, తగిలితే బంతి పోయినట్టే. అలాంటివాటికి గుండు కాస్త వదులుగా ఉండటమే న్యాయం.

ఇంకో రెండు స్విచ్‌లతో దీన్ని కలిపేసుకోకండి. నాణేల తలుపు వెనక సన్నటి రేకు స్విచ్ ఉంటుంది, తలుపు మీద తన్నితే పట్టుకోవడానికి. అది పడితే బంతి కాదు, ఆట మొత్తం పోతుంది. తలుపు ధబీమని వేస్తే ఆట ఆగిపోతోందంటే కారణం అదే, గుండు కాదు. రేకులు మరీ దగ్గరగా ఉంటే కాస్త ఎడం చేయండి, అంతకుమించి అవసరం లేదు. కొన్ని పాత మిషన్లలో వాలు పట్టాలో చిన్న బంతి కూడా ఉంటుంది. ముందు కాళ్ళు లేపితే అది దొర్లి స్విచ్‌ని తాకుతుంది. మట్టం సరిగ్గా ఉంటే దానికి వేరే పని పెట్టుకోనక్కర్లేదు.

కొలతల పుస్తకంలో జాకెట్ల కొలతల వెనక పేజీ ఒకటి ఈ మిషన్‌కి ఇచ్చాను. తేదీ, స్కేలు కింద సందు, ఏ కాలి బోల్టు ఎంత తిప్పాను, గుండు సుద్ద గీతకి ఎంత పైన ఉంది, అన్నీ రాసుకుంటాను. సంక్రాంతికి తమ్ముడి పిల్లలు, ఆడపడుచు పిల్లలు అందరూ వస్తారు. భోగి ముందు రోజు గుండు రెండు మిల్లీమీటర్లు కిందికి దింపుతాను. మనవరాలి దెబ్బకి ఆ తేడా తెలియదు, పెద్దవాళ్ళ దెబ్బకి తెలుస్తుంది. "అత్తా, టిల్ట్ బిగించేశావా?" అని తమ్ముడి కొడుకు మొదటి ఆటలోనే పట్టేశాడు. ముక్కనుమ అయ్యాక అందరూ బయల్దేరితే గుండు మళ్ళీ పాత గీత దగ్గరికి వస్తుంది.